ఏంజెల్ ఫుడ్ కేకుతో తేలికైన డెజర్టులు: కుదిరేది ఎందుకు, చెడేది ఎక్కడ

ఏంజెల్ ఫుడ్ కేకుతో చేసే డెజర్టుల గురించి నాలుగు చోట్ల చదివితే నాలుగు రకాల మాటలు కనిపిస్తాయి. ఒకరు కేకు మీద పండ్ల రసం పొయ్యమంటారు, ఇంకొకరు తడి తగలనివ్వొద్దంటారు. ఒకరు రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచమంటారు, మరొకరు కోసిన వెంటనే వడ్డించమంటారు. ఒకచోట డబ్బా పైనాపిల్ మాత్రమే వాడమని ఉంటుంది, ఎందుకో చెప్పరు. ఒకదానికొకటి పొసగనట్టున్న ఈ సలహాలన్నీ నిజానికి సరైనవే. ఆ కేకులో ఏం ఉందో, ఏం లేదో తెలిస్తే ఏ సలహా ఎక్కడ పనిచేస్తుందో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

ఇది అమెరికా కేకు. 19వ శతాబ్దం రెండో సగంలో అక్కడి వంటిళ్లలో స్థిరపడింది. చేతితో తిప్పే గుడ్డు గిలకలు ఇంటింటికీ వచ్చిన కాలం కూడా అదే. అవి లేకుండా డజను తెల్లసొనలను నురగ చెయ్యాలంటే భుజాలు పడిపోయేవి. ఇందులో ఉండేవి తెల్లసొన, పంచదార, కాస్త పిండి, చిటికెడు ఉప్పు, నురగ నిలవడానికి క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పుల్లటి పొడి. వెన్న లేదు, నూనె లేదు, పచ్చసొన లేదు. అంటే కొవ్వు దాదాపు సున్నా. పంచదార మాత్రం పిండికి రెండున్నర రెట్లు ఉంటుంది. పొంగేది చాలావరకు నురగలోని గాలితోనే కాబట్టి లోపలంతా సన్నటి గుల్ల.

డెజర్టు చేసేటప్పుడు మనం పూడ్చాల్సిన లోటు ఈ మూడింటిలోనే ఉంది. కొవ్వు లేదు కనుక క్రీమో, కస్టర్డో, ఐస్‌క్రీమో, వెన్నో బయటి నుంచి రావాలి. తీపి ముందే ఎక్కువ కనుక పక్కన పులుపు కావాలి. గుల్లగా ఉంది కనుక తడి పీల్చుకుంటుంది, అయితే దానికో హద్దుంది. ఆ హద్దు దాటితే గాలి గదుల గోడలు మెత్తబడి కూలిపోయి ముక్క ముద్దవుతుంది. చాలా డెజర్టులు చెడేది ఈ మూడో లెక్క తప్పడం వల్లే. 300 గ్రాముల కేకుకు 120 నుంచి 150 మిల్లీలీటర్ల పలుచటి రసం చాలు. కస్టర్డులాంటి చిక్కటివి ఈ లెక్కలోకి రావు, అవి కేకులోకి నెమ్మదిగా దిగుతాయి.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ కేకు కిరాణా దుకాణాల బేకరీ వరుసలో ప్లాస్టిక్ మూత కింద గుండ్రటి వలయంలా దొరుకుతుంది. సాధారణంగా 300 నుంచి 400 గ్రాముల మధ్య ఉంటుంది. కొనుక్కొచ్చిన కేకు పైన గోధుమరంగు పొర జిగటగా ఉంటే ట్రైఫిల్ (కేకు, పండ్లు, కస్టర్డు, క్రీమ్ పొరలుగా పేర్చే డెజర్టు) కోసమైతే దాన్ని వేలితో రుద్ది తీసెయ్యండి. తడి తగిలాక ఆ పొర పీలికలుగా ఊడి క్రీములో కనిపిస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు ఇంట్లో చేసుకోవడమే మేలు. బేకరీలో దొరికే మామూలు స్పాంజిలో పచ్చసొన, నూనె ఉంటాయి కాబట్టి కింద చెప్పబోయే కొలతలు దానికి సరిపోవు.

ఇంట్లో చేసుకునేటప్పుడు

పూర్తి కొలత కేకుకు మధ్యలో గొట్టం ఉండే 25 సెంటీమీటర్ల పాన్, డజను తెల్లసొనలు కావాలి. మన ఇళ్లలోని ఓటీజీకి సగం కొలత సుఖం. 6 తెల్లసొనలు (180 గ్రాములు), 150 గ్రాముల సన్న పంచదార, 50 గ్రాముల మైదా, 10 గ్రాముల కార్న్‌ఫ్లోర్, ముప్పావు టీస్పూను క్రీమ్ ఆఫ్ టార్టార్, చిటికెడు ఉప్పు, ముప్పావు టీస్పూను వెనిల్లా. క్రీమ్ ఆఫ్ టార్టార్ లేకపోతే ఒకటిన్నర టీస్పూన్ల నిమ్మరసం. మన మైదాలో జిగురు ఈ కేకుకు కావలసిన దానికంటే ఎక్కువ, ఆ జిగురు తగ్గించడానికే కార్న్‌ఫ్లోర్. 23 × 13 సెంటీమీటర్ల రొట్టె పాన్ సరిపోతుంది.

గుడ్లు చల్లగా ఉన్నప్పుడు విడదీయండి, అప్పుడు పచ్చసొన చిట్లదు. తెల్లసొనను అరగంట బయట ఉంచి గిలక్కొట్టండి, అప్పుడు బాగా పొంగుతుంది. గిన్నెకు నూనె జిడ్డు ఉండకూడదు, పచ్చసొన చుక్క పడకూడదు. కొవ్వు తగిలితే నురగ సగంలోనే ఆగిపోతుంది. ప్లాస్టిక్ గిన్నెలను ఎంత కడిగినా జిడ్డు వదలదు, స్టీలుదో గాజుదో తీసుకోండి. సగం పంచదారను మైదా, కార్న్‌ఫ్లోర్‌లతో కలిపి రెండుసార్లు జల్లించి పక్కన పెట్టండి. మిగతా సగాన్ని, తెల్లసొన నురగ కట్టడం మొదలయ్యాక, ఒక్కో చెంచా చొప్పున వేస్తూ గిలక్కొట్టండి.

ఎక్కడ ఆపాలన్నదే అసలు కిటుకు. గిలక పైకెత్తితే నురగ కొన నిలబడి, చివర కాస్త వంగాలి. నిగనిగలాడుతూ ఉండాలి. కొన సూదిలా నిటారుగా ఉండి నురగ పొడిపొడిగా విరుగుతోందంటే గీత దాటినట్టే. అప్పటికే సాగాల్సినంత సాగిన నురగ ఓవెన్‌లో ఇక పొంగలేక కూలిపోతుంది. పిండిని మూడు విడతలుగా చల్లుతూ గరిటెను అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపండి. పాన్‌కు వెన్న రాయకండి, కాగితం కూడా వద్దు, నాన్‌స్టిక్ పాన్ అసలే వద్దు. ఈ పిండి గోడలను పట్టుకుని పైకి పాకుతుంది. పట్టు దొరకకపోతే పొంగదు. 170 డిగ్రీల (సెల్సియస్) దగ్గర 30 నుంచి 35 నిమిషాలు. వేలితో నొక్కితే గుంట వెంటనే పైకి రావాలి.

బయటకు తీసిన వెంటనే పాన్‌ను బోర్లించి, రెండు అంచులనూ ఒకే ఎత్తున్న రెండు డబ్బాల మీద ఆనించి, కనీసం గంటన్నర అలాగే వదిలెయ్యండి. వేడిగా ఉన్నప్పుడు లోపలి గోడలు తమ బరువును తాము మొయ్యలేవు. తలకిందులుగా వేలాడుతూ చల్లారితే సాగినచోటే గట్టిపడతాయి. తొందరపడి మామూలుగా నిలబెడితే కేకు మూడోవంతు ఎత్తు కోల్పోయి అడుగున రబ్బరులా తయారవుతుంది. చల్లారాక అంచుల వెంట పలుచటి చాకు తిప్పి తీయాలి.

మిగిలిన పచ్చసొనలను పారెయ్యాల్సిన పని లేదు. వాటి మీద చెంచాడు నీళ్లు పోసి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు ఆగుతాయి. నాలుగింటితో నిమ్మ కర్డ్ (పెరుగు కాదు, నిమ్మరసంతో చేసే చిక్కటి క్రీమ్ లాంటిది) చేస్తే ఈ కేకుకు కావలసిన కొవ్వు, పులుపు రెండూ ఒకే గిన్నెలో దొరుకుతాయి. 4 పచ్చసొనలు, 100 గ్రాముల పంచదార, 80 మిల్లీలీటర్ల నిమ్మరసం కలిపి సన్న సెగ మీద తిప్పుతూ ఉండాలి. గరిటె వెనక వేలితో గీసిన గీత చెరగకుండా నిలిస్తే (థర్మామీటరుంటే 78 డిగ్రీలు) దించి 60 గ్రాముల వెన్న కలపాలి. అల్యూమినియం గిన్నెలో చేస్తే లోహపు రుచి వస్తుంది. ఈ కర్డ్‌ను కేకు ముక్క మీద వేసి, పక్కన క్రీమ్ పెడితే అంతకంటే తేలికైన డెజర్టు ఇంకొకటి లేదు.

ఇక కోయడం. మామూలు కత్తితో నొక్కితే కేకు అణిగిపోతుంది, అణిగింది మళ్లీ లేవదు. బ్రెడ్ కోసే పళ్ల కత్తిని రంపంలా ముందుకీ వెనక్కీ ఆడించాలి, కిందికి బరువు వెయ్యకూడదు. రెండు మూడు ముక్కలకోసారి కత్తిని తడిగుడ్డతో తుడవండి, అంటుకున్న జిగురు తర్వాతి ముక్కను చింపుతుంది. ట్రైఫిల్‌కు కత్తి కూడా అక్కర్లేదు, చేత్తో తుంచితే ఆ గరుకు అంచులు కస్టర్డును ఇంకా బాగా పట్టుకుంటాయి.

స్ట్రాబెరీలు, క్రీమ్

అమెరికాలో ఈ కేకు పేరు చెప్పగానే గుర్తొచ్చే జోడీ ఇదే. 500 గ్రాముల స్ట్రాబెరీలను చక్రాలుగా కోసి, 60 గ్రాముల పంచదార, టేబుల్ స్పూను నిమ్మరసం కలిపి 30 నుంచి 45 నిమిషాలు వదిలితే పండులోని నీటిని పంచదార బయటకు లాగుతుంది, అడుగున ఎర్రటి రసం చేరుతుంది. ఈ రసం పలుచన, కేకులోకి క్షణాల్లో దిగుతుంది. అందుకే ఇది వడ్డించేటప్పుడు ప్లేటులోనే కలపాల్సిన డెజర్టు. ముందే కలిపి ఫ్రిజ్‌లో పెడితే రెండు గంటల్లో అడుగు ముద్దవుతుంది. హైదరాబాద్‌కు మహాబలేశ్వర్ స్ట్రాబెరీలు చలికాలంలో వస్తాయి. పులుపెక్కువ ఉన్నవే ఈ కేకుకు నప్పుతాయి, కాబట్టి పండు పుల్లగా ఉందని బాధపడొద్దు.

క్రీమ్ దగ్గర మన దేశంలో తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం. దాన్ని ఎంతసేపు గిలక్కొట్టినా నిలబడదు. కనీసం 30 శాతం ఉండాలి, 35 దాటితే ఇంకా మంచిది. విప్పింగ్ క్రీమ్ అని రాసి ఉన్న పెట్టె తీసుకుని, గిన్నెనూ గిలకనూ పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి, 300 మిల్లీలీటర్ల క్రీమ్‌కు 2 టేబుల్ స్పూన్ల పొడి పంచదార కలపండి. బేకరీలు వాడే పాలు లేని విప్పింగ్ క్రీమ్ ఎండాకాలంలో కూడా కరగకుండా నిలబడుతుంది కానీ అది ముందే తియ్యగా ఉంటుంది. తియ్యటి కేకు మీద తియ్యటి క్రీమ్ వేస్తే మూడో చెంచాకే మొహం మొత్తుతుంది. అదే వాడాల్సి వస్తే పంచదార మానేసి, పుల్లటి పండు పెంచండి.

ట్రైఫిల్

పదిమందికి పెట్టాలంటే దీనికి మించింది లేదు. పైగా ముందు రోజే చేసి పెట్టుకోవచ్చు. రెండున్నర లీటర్ల గాజు గిన్నె, 300 గ్రాముల కేకు, 700 గ్రాముల పండ్లు, అర లీటరు కస్టర్డు, 300 మిల్లీలీటర్ల క్రీమ్.

కస్టర్డు మామూలు కంటే చిక్కగా ఉండాలి. అర లీటరు పాలకు పెట్టె మీద 2 టేబుల్ స్పూన్ల పొడి అని ఉంటే 3 వెయ్యండి. అమెరికా ఇన్‌స్టంట్ పుడ్డింగ్ చిన్న పెట్టెతో చేస్తే 2 కప్పుల పాలకు బదులు ఒకటిముప్పావు కప్పు పొయ్యండి. పూర్తిగా చల్లారాకే కేకు మీద వెయ్యాలి. వేడి కస్టర్డు పడితే కేకు అక్కడికక్కడే కుంగిపోతుంది. మీగడ తెట్టు కట్టకుండా చల్లారేటప్పుడు మధ్యమధ్య తిప్పుతూ ఉండండి.

రాత్రంతా ఉంచేట్టయితే కేకు ముక్కల్ని 150 డిగ్రీల ఓవెన్‌లో 10, 12 నిమిషాలు ఆరబెట్టడం మంచిదని మా అభిప్రాయం. రంగు మారక్కర్లేదు, పైన పొడిగా తగిలితే చాలు. అలా ఆరిన ముక్క మర్నాటికి మెత్తగా ఉంటుంది కానీ ఆకారం పోదు. ఆరబెట్టని ముక్కలైతే ఐదారు గంటల వరకే బాగుంటాయి.

మామిడి కాలంలో బంగినపల్లి ముక్కలు ట్రైఫిల్‌కు చక్కగా సరిపోతాయి, కండ గట్టిది కాబట్టి నీరు వదలదు. రసాలు ముక్కలకు పనికిరావు. వాటిని పిండి, పీచు వడగట్టి, ఆ గుజ్జులో నిమ్మరసం కలిపి పొరల మధ్య పలుచగా రాస్తే సువాసన గిన్నెంతా పడుతుంది. గుజ్జు వాడినప్పుడు వేరే రసం పొయ్యొద్దు. దానిమ్మ గింజలు, ద్రాక్ష, నారింజ తొనలు బాగుంటాయి. పుచ్చకాయ వద్దు, అది నీళ్లే. అరటి నల్లబడుతుంది కాబట్టి వడ్డించే ముందు పైన వేసుకోండి.

పచ్చి పైనాపిల్‌తో జాగ్రత్త. అందులో బ్రోమెలైన్ అనే ఎంజైము ఉంటుంది, ప్రొటీన్లను ముక్కలు చేసెయ్యడం దాని పని. పాలూ క్రీమూ తగిలితే కొన్ని గంటల్లో చేదెక్కుతాయి, జెలాటిన్ గడ్డకట్టదు. కివీ, బొప్పాయిల్లోనూ ఇలాంటి ఎంజైములున్నాయి. డబ్బాలో నింపేటప్పుడు వేడి చేస్తారు కాబట్టి డబ్బా పైనాపిల్‌లో ఆ ఎంజైము పనిచెయ్యదు. డబ్బా వాడమని చెప్పేది ఇందుకే. తాజా పండే కావాలంటే ముక్కల్ని కొంచెం పంచదారతో నాలుగైదు నిమిషాలు ఉడకనిచ్చి, చల్లార్చి వాడుకోండి.

పొడి మిక్స్‌తో రెండు సులువులు

అమెరికాలో దొరికే ఏంజెల్ ఫుడ్ మిక్స్ పెట్టెలో ఎండబెట్టిన తెల్లసొన ముందే ఉంటుంది, నీళ్లు కలిపితే చాలు. ఆ నీళ్లకు బదులు 20 ఔన్సుల (567 గ్రాముల) సన్న ముక్కల పైనాపిల్ డబ్బాను రసంతో సహా కలిపితే రెండే వస్తువుల కేకు తయారవుతుంది. కలపగానే బుసబుసా పొంగుతుంది, పెద్ద గిన్నె తీసుకోండి. 13 × 9 అంగుళాల పాన్‌లో, వెన్న రాయకుండా, 175 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు. చల్లారేటప్పుడు మధ్యలో కొంచెం కుంగడం మామూలే, పైన క్రీమ్ పరిచేస్తే కనిపించదు. పాకంలో వేసిన పైనాపిల్ కాకుండా సొంత రసంలో ఉన్నది చూసి కొనండి, లేకపోతే తీపి హద్దు దాటుతుంది. ఇండియాలో దొరికే వెనిల్లా కేక్ మిక్స్‌తో ఇది కుదరదు, వాటిలో తెల్లసొన ఉండదు కనుక లోపల పచ్చిముద్దగా మిగులుతుంది.

రెండోది ఒక్కరికి సరిపడే కప్పు కేకు. ఒక పెట్టె ఏంజెల్ ఫుడ్ మిక్స్, ఒక పెట్టె ఏదైనా మామూలు కేక్ మిక్స్ (చాక్లెట్ బాగుంటుంది) బాగా కలిపి డబ్బాలో పోసి ఉంచుకోవాలి. కావలసినప్పుడు 3 టేబుల్ స్పూన్ల పొడి, 2 టేబుల్ స్పూన్ల నీళ్లు కప్పులో కలిపి మైక్రోవేవ్‌లో 1 నిమిషం. 3-2-1 కేకు అంటారు. 1000 వాట్ల పైన ఉన్న మైక్రోవేవ్‌కు నిమిషం లెక్క, 700 వాట్లదైతే ఇంకో 20, 30 సెకన్లు పడుతుంది. పొడి వాడే ముందు ప్రతిసారీ డబ్బాను కుదపండి, తెల్లసొన ఒకచోట చేరితే ఒక కప్పు రబ్బరులా, ఇంకో కప్పు పేస్టులా వస్తుంది. వేడిగా ఉండగానే తినాలి, చల్లారితే సాగుతుంది.

సొరంగం కేకు

చూడ్డానికి కష్టంగా ఉంటుంది కానీ ఓవెన్ ముట్టుకోకుండా చేసేది. దీనికి వలయం ఆకారపు పూర్తి కేకు కావాలి. పైనుంచి రెండున్నర సెంటీమీటర్ల మందాన మూతలా కోసి పక్కన పెట్టండి. మిగిలిన దాంట్లో బయటి గోడ, లోపలి గోడ, అడుగు రెండున్నర సెంటీమీటర్ల చొప్పున వదిలి మధ్యలోది తవ్వి తీయండి. గోడ అంతకంటే పలుచనైతే కూరే బరువుకు విచ్చుకుంటుంది.

కూరడానికి 170 గ్రాముల క్రీమ్ చీజ్‌ను గది వేడికి వచ్చాక నున్నగా గిలక్కొట్టి, 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా, 80 మిల్లీలీటర్ల నిమ్మరసం కలపండి. నిమ్మరసం పడిన కొద్ది నిమిషాల్లో మిశ్రమం దానంతటదే చిక్కబడుతుంది, పులుపు పాలలోని కేసీన్ ప్రొటీన్లను దగ్గరకు చేరుస్తుంది కనుక. అందుకే నిమ్మరసం తగ్గించకండి, తగ్గిస్తే కోసినప్పుడు జారిపోతుంది. ఇందులో గిలక్కొట్టిన క్రీమ్ ఒక కప్పు, తవ్విన కేకు ముక్కలు, సన్నగా తరిగిన స్ట్రాబెరీలు ఒక కప్పు కలిపి సొరంగం నింపి, మూత పెట్టి, చుట్టూ క్రీమ్ పూసి, కనీసం 4 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది. ఇక్కడ లోపలున్నది చిక్కన కాబట్టి గోడలు తడవవు, స్ట్రాబెరీ రసానికి చెప్పిన హెచ్చరిక దీనికి వర్తించదు.

చల్లవి, వేడివి

వెన్న కేకును ఫ్రిజ్‌లో పెడితే వెన్న గడ్డకట్టి రాయిలా అవుతుంది. ఏంజెల్ ఫుడ్ కేకులో గడ్డకట్టడానికి కొవ్వు లేదు, పంచదార ఎక్కువగా ఉండటం వల్ల లోపలి తడి కూడా తొందరగా మంచు కాదు. ఫ్రీజర్‌లోంచి నేరుగా తీసినా కత్తి దిగుతుంది. ఐస్‌క్రీమ్ కేకుకు ఇది అందుకే నప్పుతుంది. రొట్టె ఆకారపు కేకును అడ్డంగా మూడు పొరలుగా కోసి, 10 నిమిషాలు బయట ఉంచిన ఐస్‌క్రీమ్‌ను మధ్యలో పరిచి, గట్టిగా చుట్టి, 6 గంటలు ఫ్రీజర్‌లో ఉంచండి. ఐస్‌క్రీమ్ పూర్తిగా కరిగిపోయాక వేస్తే కేకు పీల్చేసుకుంటుంది, మళ్లీ గడ్డకట్టినప్పుడు మంచు పలుకులు తగులుతాయి.

పాతబడిన కేకుకు పెనం మంచిది. రెండున్నర సెంటీమీటర్ల ముక్కలకు రెండు వైపులా వెన్న రాసి, మధ్యస్థమైన సెగ మీద ఒక్కో వైపు నిమిషం, నిమిషంన్నర. పంచదార ఎక్కువ కనుక బంగారు రంగు నుంచి మాడిపోవడానికి పట్టే సమయం చాలా తక్కువ, పెనం దగ్గర్నుంచి కదలకండి. పైన పుల్లటి పెరుగు వేసుకుంటే సరిపోతుంది.

జెల్లీతో చేసేటప్పుడు తొందర పనికిరాదు. 85 గ్రాముల జెల్లీ పొడిని ఒక కప్పు మరిగే నీళ్లలో కరిగించి, ఒక కప్పు చల్లటి నీళ్లు కలిపి, తెల్లసొనంత చిక్కబడే దాకా ఫ్రిజ్‌లో ఉంచి, అప్పుడు కేకు ముక్కలు కలపాలి. పలుచగా ఉన్నప్పుడు కలిపితే ముక్కలు నానిపోయి కరుగుతాయి, పూర్తిగా గడ్డకట్టాక కలిపితే జెల్లీ పగిలి అతుక్కోదు.

పాట్‌లక్‌కు (ఒక్కొక్కరు ఒక్కో వంటకం తెచ్చే విందుకు) పట్టుకెళ్లేవాళ్లు ఒక సంగతి తప్పకుండా చూసుకోవాలి. తెల్లటి, తేలికైన ఈ కేకును చూసి గుడ్డు లేదనుకునే శాకాహారులు మనవాళ్లలో ఉంటారు. ఇది దాదాపు గుడ్డే. అమెరికా జెల్లీ పొడిలోని జెలాటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. గిన్నె పక్కన చీటీ మీద ఈ రెండూ రాసి పెట్టండి. గుడ్డు తింటారు గానీ జెలాటిన్ వద్దనేవాళ్ల కోసం సముద్రపు నాచు నుంచి వచ్చే చైనా గ్రాస్ (అగర్ అగర్) వాడొచ్చు. 5 గ్రాముల పోగుల్ని 150 మిల్లీలీటర్ల నీళ్లలో నానబెట్టి, పూర్తిగా కరిగేదాకా మరిగించి, గది వేడిలో ఉన్న 350 మిల్లీలీటర్ల పండ్ల రసంలో వడగట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన రసమైతే పోస్తుండగానే పోగులుగా గడ్డకడుతుంది. పుల్లటి రసంతో కలిపి మరిగిస్తే పట్టు తగ్గుతుంది, అందుకే నీళ్లలో విడిగా కరిగించాలి. చైనా గ్రాస్ ఫ్రిజ్ అవసరం లేకుండానే 35, 40 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి ట్రేలో పోసిన పదినిమిషాల నుంచే వేలితో తాకి చూస్తూ, పైన వణుకుతున్నట్టు అయిన వెంటనే కేకు ముక్కల్ని సగం దాకా గుచ్చెయ్యండి.